డాబా మీంచి చేతులూపిన రోజు

ఈ మధ్య ఒక మధ్యాహ్నం పట్నం నుంచి ఒక అమ్మాయి ఫోన్ చేసింది. మెత్తటి గొంతు, మర్యాద తెలిసిన పిల్ల. పట్నం నడిబొడ్డున ఉన్న పాత ఎయిర్‌పోర్టు గురించి ఏదో సంచిక వేస్తున్నారట. ఇప్పటి ఎయిర్‌పోర్టులన్నీ ఒక్క తీరుగానే ఉంటున్నాయని, ఏ ఊళ్లో దిగామో కూడా తెలియడం లేదని, ఆ పాతదాంట్లో ఎంత ఆప్యాయత ఉండేదో ఇప్పటివాళ్లకు తెలియాలని చెప్పింది. మీరు చిన్నప్పుడు చూశారని విన్నాం, మీ తీపి గుర్తులు నాలుగు పేజీలు రాసివ్వండి మేడం అంది. డాబా మీద నిలబడి విమానాలకు చేతులూపడం, కింద చెట్ల నీడన సద్దులు విప్పుకోవడం, ఇలాంటివి రాస్తే చాలంది. సరేనమ్మా అని ఫోన్ పెట్టేశాను. పెట్టేశాక ఒళ్లు మండిపోయింది. ఆ పిల్ల మీద కాదు, ఆమెకేం తెలుసు? ఉద్యోగమంతా బడిలో తెలుగు పాఠాలు చెప్పి, తీపి గుర్తుల మీద పిల్లలతో వ్యాసాలు రాయించినదాన్ని నేను. ఆ మాట విని ఇంత మంట పుడుతుందని నాకే తెలియదు. ఆ సాయంత్రం వంట చేయబుద్ధి కాలేదు, పొద్దుటి అన్నంలో మజ్జిగ పోసుకుని తిని కూర్చున్నాను.

మా ఊరు మోత్కూరు దగ్గర. మేం దూదేకులవాళ్లం. నమాజుంది, పీర్ల పండుగుంది, ఇంట్లో మాట్లాడేది మాత్రం తెలుగే. తండ్రిని బాపు అంటాం, తండ్రి తల్లిని అవ్వ అంటాం. మా బాపు పేరు ఖాసిం. ఆయన గల్ఫ్‌కు బయల్దేరిన రోజు మేమంతా ఆ పాత ఎయిర్‌పోర్టు డాబా ఎక్కి విమానానికి చేతులూపాం. అందరికంటే ముందు ఊపింది, అందరూ దించేశాక కూడా ఊపుతూనే ఉన్నది మా అవ్వ. ఆ విమానంలో మా బాపు లేడు. ఆ సంగతి మాకు తెలిసేసరికి అవ్వ బతికి లేదు. సంచికవాళ్లు అడిగిన తీపి గుర్తు ఇదే. రాయమన్నారు కాబట్టి రాస్తున్నాను.

మా ఇల్లంటే దూది. పొద్దున లేస్తే ముక్కులో దూది నుసి, అన్నంలో దూది నుసి, అవ్వ కనుబొమల మీద దూది నుసి. ముందరి గదిలో దూలానికి వేలాడదీసిన విల్లు, దాని నారిని కట్టెతో కొడుతూ బాపు దూది ఏకుతుంటే టంయ్ టంయ్‌మని వచ్చే చప్పుడు. ఆ చప్పుడులోనే నేను పాఠాలు చదువుకున్నాను. అది ఆగితే నాకు నిద్ర నుంచి మెలకువ వచ్చేది. అవ్వ పగలంతా గుమ్మం పక్కన కూర్చుని దూదిలో గింజలూ చెత్తా ఏరేది. ఏరుతూనే వీధిలో పోయేవాళ్లందరి మంచీ చెడూ అడిగేది. ఆమెకు కొన్ని పట్టింపులుండేవి. ఇంట్లోంచి మనిషి ఊరికి బయల్దేరితే, ఆ మనిషి చేరినట్టు కబురు అందేదాకా ఇల్లు ఊడ్వనిచ్చేది కాదు. ఊడిస్తే పోయినవాణ్ని ఇంట్లోంచి ఊడ్చేసినట్టేనని ఆమె నమ్మకం. భువనగిరి పోయినా ఇదే లెక్క. సాయంత్రానికి మనిషి తిరిగొచ్చి కాళ్లు కడుక్కున్నాకే అమ్మ చీపురు పట్టాలి. దూదేకులింట్లో ఒక పూట ఊడ్వకపోతే ఎట్లా ఉంటుందో ఊహించుకోండి. అమ్మ గొణిగేది, అవ్వ వినపడనట్టు ఉండేది.

తర్వాత పట్నం నుంచి స్పాంజి పరుపులు వచ్చాయి. పెళ్లిళ్లలో పిల్లకు ఇచ్చే పరుపు కూడా దుకాణంలో కొనేసుకుంటున్నారు. విల్లు వారంలో సగం రోజులు ఊరికే వేలాడేది. అప్పుడే ఒక ఏజెంటు మా చుట్టుపక్కల ఊళ్లు తిరిగి, గల్ఫ్‌లో బిల్డింగు పని ఉందని మనుషులను పోగుచేశాడు. పోయేది మస్కట్‌కు. కాని మా ఊళ్లో ఏ దేశం పోయినా దుబాయ్ పోయిండనే అంటారు. దుబాయ్ పోవడమంటే అప్పుడు పెళ్లికొడుకైనట్టే. బయల్దేరే రోజు బాపును చావడి ముందు కూర్చోబెట్టి మెడలో దండలు వేశారు. మాదిగ వాడ నుంచి డప్పులు వచ్చాయి. అవ్వ ఆకుపచ్చ గుడ్డలో పైస పెట్టి కుట్టిన ఇమాం జామీన్‌ను కొడుకు కుడి జబ్బకు కట్టింది, దారిలో ఏ ఆపదా తగలకుండా. అది చూసి పక్కింటి యాదమ్మ కూడా పసుపు బట్టలో ఏదో మూటగట్టి తెచ్చి రెండో జబ్బకు కట్టింది. జీపు ఊరు దాటేదాకా డప్పుల వాళ్లు ముందర నడిచారు. మా తమ్ముడు సైదులు అప్పటికి ఇంకా అమ్మ చంకలోనే ఉన్నాడు, డప్పుల చప్పుడుకు జడుసుకుని దారి పొడుగునా ఏడ్చాడు.

ఆ ఎయిర్‌పోర్టు బాగా లేదని నేను అబద్ధం చెప్పను. చిన్న బిల్డింగు, పెద్ద బస్‌స్టాండు కంటే కొంచెం మేలు, అంతే. రోడ్డు మీద జీపు దిగి నాలుగడుగులు నడిస్తే గేటు. ముందర చెట్లు, చెట్ల కింద జనం. ఎక్కడెక్కడి పల్లెల నుంచో వచ్చినవాళ్లు చాపలు పరుచుకుని, సద్దిమూటలు విప్పుకుని, పిల్లలకు పాలిచ్చుకుంటూ ఉన్నారు. ఫినాయిలు వాసన, మల్లెపూల వాసన, సమోసాలు వేగుతున్న నూనె వాసన, వాటన్నిటి మీదా విమానం తాగే కిరసనాయిలు వాసన. ఒక కూలీ మా పెట్టె మోస్తూ బాపుకు ధైర్యం చెప్పాడు, తన బావమరిది కూడా అక్కడే ఉన్నాడని. చిన్న టికెట్టు కొనుక్కుంటే డాబా మీదికి పోనిచ్చేవారు. అక్కడ ఇనుప కంచె పట్టుకుని నిలబడితే విమానం ఎదురుగా, చెయ్యి చాస్తే అందేట్టు కనిపించేది. జనం నేల మీదే నడుచుకుంటూ పోయి మెట్లెక్కేవారు. మన మనిషి నడుస్తుంటే, ఎక్కుతుంటే, చివరి మెట్టు మీద తిరిగి చూస్తే, అన్నీ మన కళ్లతో మనం చూడొచ్చు. ఇప్పుడు ఏ ఎయిర్‌పోర్టులో అట్లా చూడనిస్తారు? ఆ అమ్మాయి అన్నది నిజమే, అది గొప్ప సుఖం. మమ్మల్ని మోసం చేసింది కూడా ఆ సుఖమే.

సుఖం గురించి రాసేవాళ్లు మిగతాది రాయరు. అక్కడ ఆడవాళ్లకు పాయఖానా లేదు. ఉన్నది లోపల, టికెట్టున్నవాళ్లకు. మా అమ్మ పొద్దున్నుంచి నీళ్లు తాగకుండా కూర్చుంది, నాకూ తాగనివ్వలేదు, ఎండలో నాలుక పిడచగట్టుకుపోయింది. మైకులో ఒక గొంతు ఇంగ్లిష్‌లోనూ హిందీలోనూ ఏదో చెప్పేది, ఆ చెట్ల కింద కూర్చున్నవాళ్లలో ఒక్కరికీ అర్థమయ్యేది కాదు. మైకు మోగినప్పుడల్లా అందరూ లేచి గేటు మీద పడేవారు, పోలీసాయన లాఠీతో నేల మీద కొట్టి వెనక్కి తోసేవాడు. సూటుకేసులతో కారు దిగినవాళ్లకు మాత్రం ఆ గేటే పక్కకు జరిగి దారి ఇచ్చేది. అన్నిటికంటే ఘోరం ఇంకోటుంది. లోపలికి పోయినవాడి కబురు బయటికి వచ్చే దారి లేదు. ఎవరిని అడగాలో తెలియదు, అడిగితే చెప్పే నాథుడు లేడు. ఆప్యాయత అంటే ఇదైతే ఆ మాటను నా ముందర అనకండి.

ఏజెంటు తన మనుషులందరికీ పసుపుపచ్చ టోపీలిచ్చాడు, దిగినచోట కంపెనీవాళ్లు గుర్తుపట్టాలని. గేటు దగ్గర బాపు టోపీ తీసి అవ్వ కాళ్లు మొక్కాడు. అవ్వ ఏడవలేదు. బయల్దేరేవాడి ముందు ఏడవగూడదని ఆమె ఇంకో పట్టింపు. బాపు లోపలికి పోగానే మేం డాబా ఎక్కాం. చాలాసేపు ఎండలో నిలబడ్డాక పసుపుపచ్చ టోపీలు వరసగా బయటికొచ్చాయి. అంతదూరం నుంచి టోపీలు తప్ప ముఖాలు తెలియవు. ఒకతను మెట్లు ఎక్కబోతూ ఆగి, మా వైపు తిరిగి చెయ్యెత్తాడు. ‘‘గదిగో, నా కొడుకు’’ అంది అవ్వ. మేమందరం అరుస్తూ చేతులూపాం. అతనూ ఊపాడు. అవ్వ తలమీది కొంగు తీసి ఊపింది, తెల్లజుట్టు గాలికి రేగిపోయింది. ఆమె తల మీద కొంగు లేకుండా మగవాళ్ల మధ్య నిలబడటం నేను అదే మొదలు చూడటం. ఎవరి కొడుకో అతను? కంచెకు ఇంకో మూలన అతని తల్లి కూడా నిలబడి ఉందేమో, మా అరుపుల్లో ఆమె గొంతు అతనికి వినపడి ఉండదు. ఇది తలచుకున్నప్పుడల్లా నాకు ఎవరి మీదో తెలియని కోపం వస్తుంది.

విమానం చుక్కంత అయి మాయమయ్యాక కిందికి దిగాం. చెట్టు కింద కూర్చుని జొన్నరొట్టెలు తిన్నాం. అవ్వ ఇంటి నుంచి డబ్బా నిండా లడ్డూలు చేసుకొచ్చింది. మావాళ్లకే కాదు, పక్క చాపల వాళ్లకు, కూలీలకు, లాఠీ పట్టుకున్న పోలీసాయనకు కూడా పంచింది. నా కొడుకు దుబాయ్ పోయిండని ప్రతి ఒక్కరికీ చెప్పింది. ఆమె అంత నవ్వడం నేనెన్నడూ చూడలేదు. ఇంటికొచ్చాక మాత్రం చీపురు దాచిపెట్టేసింది. కబురు రావాలి కదా. వారాలు గడిచినా కబురు రాలేదు. దూది నుసి మూలల్లో, మంచాల కింద, కుండల మీద పేరుకుపోయింది. తమ్ముడికి దగ్గు పట్టుకుంది. అమ్మ ఒకరోజు పొరుగింటి చీపురు తెచ్చి ఊడవబోతే అవ్వ గడపకు అడ్డంగా పడుకుంది. ఆ ఇంటిలో ఇద్దరాడవాళ్లు కబురు లేని మగవాడి కోసం చీపురు దగ్గర కొట్లాడుకున్న ఆ రోజులు గుర్తొస్తే నాకు పళ్లు పటపటమంటాయి.

చివరికి ఒక కేసెట్టు వచ్చింది. అప్పట్లో గల్ఫ్ వాళ్లు జాబు రాయడం కంటే మాటలు రికార్డు చేసి పంపేవారు. దుబాయ్ నుంచి వచ్చినవాణ్నని చెప్పి ఒకతను తెచ్చిచ్చి, మంచినీళ్లయినా తాగకుండా వెళ్లిపోయాడు. యాదమ్మ ఇంటి నుంచి టేప్‌రికార్డర్ తెచ్చుకుని విన్నాం. మంచిగున్నా, బిల్డింగు పని, తిండికి ఇబ్బంది లేదు, అవ్వను జాగ్రత్తగా చూసుకోండి అని బాపు గొంతు. అమ్మ ఏడ్చి, అప్పటికప్పుడే ఇల్లు ఊడ్చింది. అవ్వ ఆ కేసెట్టును మళ్లీ మళ్లీ పెట్టించుకుని, డబ్బాకు చెవి ఆనించి వినేది. ఒకరోజు నన్ను దగ్గరికి పిలిచి, ‘‘బిడ్డా, వాని మాట ఎనక విల్లు సప్పుడు వస్తాంది, నీకు ఇనొస్తలేదా?’’ అంది. నాకూ వినపడినట్టే ఉంది. కాని ఆ చప్పుడు పుట్టినప్పటి నుంచి నా చెవుల్లో ఉన్నదే, ఇక దాన్ని విడిగా ఎట్లా పట్టుకోను? అమ్మ అది టేపు అరిగిన చప్పుడంది. దుబాయ్‌లో దూది ఎవరేకుతారని నవ్వింది. అవ్వ మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

వానలు పడ్డాక అవ్వ మంచాన పడింది. జ్వరం, ఆయాసం. మోత్కూరు దవాఖానకు ఎడ్లబండిలో తీసుకుపోయి తెచ్చాం. ఆకులు, కషాయాలు కూడా అయ్యాయి. రోజురోజుకూ తగ్గిపోతూ కొడుకును అడగడం మొదలుపెట్టింది. దుబాయ్ నుంచి అంత తొందరగా రానివ్వరు అవ్వా అని అందరూ నచ్చజెప్పేవారు. ఆమె మాత్రం ఒక్కటే మాట అనేది. ‘‘పట్నం పోయి తోల్కరార్రి. వాడు ఆడనే ఉన్నడు.’’ పెద్దమనుషులు తలలు ఊపారు. ముసల్దానికి మతి చలించింది, దుబాయ్‌కీ పట్నానికీ తేడా తెలుస్తలేదన్నారు. పట్నం బస్సు రోజూ మా ఇంటి ముందు నుంచే పోయేది. ఎవరూ ఎక్కలేదు. ఎక్కి పోయి దుబాయ్‌లో ఉన్నవాణ్ని పట్నంలో వెతికితే పిచ్చివాళ్లంటారని. అవ్వ గుమ్మం వైపు ముఖం పెట్టి పడుకుని పోయింది. మట్టి వేసేటప్పుడు కొడుకు స్థానంలో బాపు మేనమామ కొడుకు నిలబడ్డాడు.

అవ్వ పేరున చదివించే నలభై దినాల ఫాతిహా అయిపోయిన తర్వాత బాపు వచ్చాడు. పట్నంలో పరుపుల దుకాణానికి వచ్చిన మా వైపు మనిషి ఒకతను మాటల్లో అవ్వ పోయిన సంగతి చెప్పాడట. బాపు చేతిలో ఒక సంచి. గడప మీదే కూర్చున్నాడు, లోపలికి రాలేదు. అప్పుడు బయటపడింది అంతా. పాస్‌పోర్టు మీద ఏజెంటు కొట్టించిన ముద్ర దొంగదట. లోపల ఆఫీసరు పట్టుకుని ఒక గదిలో బెంచీ మీద కూర్చోబెట్టాడు. బయట మా అవ్వ ఉంది, ఒక్క మాట చెప్పి రానియ్యమని బాపు అడిగితే, మైకులో చెప్పించమంటావా అని నవ్వారట. విమానం పోయిన చప్పుడు ఆ గదిలోంచే విన్నాడు. తర్వాత వేరే గేటు నుంచి బయటికి తోలేశారు. అక్కడి నుంచి ఏదో గల్లీలో దుకాణం దొరికింది. అక్కడా దూది ఏకే పనే. కేసెట్టు కూడా అక్కడే కూర్చుని రికార్డు చేసి పంపాడట. అవ్వ విన్నది విల్లు చప్పుడే. నేను అడిగాను, బయటికి వచ్చేసరికి మేం వెళ్లిపోయామా అని. లేదన్నాడు. మేం చెట్టు కిందే ఉన్నామట. ఆయన టాక్సీల వెనక నిలబడి మమ్మల్ని చూశాడట.

‘‘అవ్వ నవ్వుకుంట అందరికి లడ్డులు పంచుతాంది. ఎట్ల రావాలె?’’ అన్నాడు. ‘‘బాజలు గొట్టి తోలిచ్చిన ఊర్లెకు ఏం ముఖం పెట్టుకొని మర్లొస్త బిడ్డా?’’

అమ్మ లోపలికి పోయి చెంబు తెచ్చింది. కాళ్లకు నీళ్లిచ్చి అన్నం పెట్టింది. నేను ఆ రోజు తినలేదు. చాలా ఏళ్లపాటు నాకు బాపు మీద కోపం. ఆయన పోయాక ఆ కోపాన్ని ఎక్కడ పెట్టాలో తెలియలేదు. ఏజెంటు మీద పెట్టాను, వాడు ఇంకో ఊళ్లో ఇంకొన్ని టోపీలు పంచుకుంటూ సుఖంగానే బతికాడు. ఆఫీసర్ల మీద పెట్టాను, వాళ్ల పేర్లు కూడా తెలియదు. ఎయిర్‌పోర్టు మీద పెట్టాను. చెట్టు కింద ఉన్న తల్లికి, లోపల బెంచీ మీద ఉన్న కొడుక్కి మధ్య ఉన్నది ఒక గోడ, ఒక గేటు. ఆ గేటు దాటి ఒక్క మాట వచ్చి ఉంటే అవ్వ డాబా ఎక్కేదే కాదు, లడ్డూలు పంచేదే కాదు, బాపుకు టాక్సీల వెనక దాక్కునే అవసరమే వచ్చేది కాదు. ఊరి మీద కూడా పెట్టాను. పోయేవాడికి డప్పులు కొట్టడం తెలిసిన ఊరికి తిరిగొచ్చేవాణ్ని పిలవడం తెలియదని. పనికి పోయేవాడి మెడలో దండలెందుకు? ఆ దండలే కదా ఆయన కాళ్లకు బంధమైంది. ఇన్ని చోట్ల పెట్టినా కోపం ఖర్చు కాలేదు.

తెలంగాణ వచ్చింది. ఆ రోజు నేనూ బడి పిల్లలతో కలిసి గులాల్ చల్లుకున్నాను. ఇక మనవాళ్లు గల్ఫ్ పోవాల్సిన పనుండదని అందరూ అనేవారు, నేనూ నమ్మాను. కొన్నాళ్లకే మా సైదులు కొడుకు రఫీ సూటుకేసు సర్దుకున్నాడు. ఐటిఐ చదివిన పిల్లాడు, కరెంటు పని బాగా చేస్తాడు, ఇక్కడ నెలలో సగం రోజులు ఖాళీ. ఈసారి డప్పులు లేవు, డీజే ఉంది. దండలు అవే. ఫోటోలు ఫోన్లలో ఊరంతా తిరిగాయి. నేను పోనన్నాను, కాని రఫీ వచ్చి అత్తా నువ్వు రావాలె అంటే కాదనలేకపోయాను. కొత్త ఎయిర్‌పోర్టు పట్నానికి అవతల, పాలమూరు పోయే తోవలో. ఎంత పెద్దదంటే చూసేసరికే కాళ్లు నొప్పి పుట్టాయి. ఆడవాళ్ల పాయఖానాలు శుభ్రంగా ఉన్నాయి, మంచినీళ్లున్నాయి, ఈ మాట ఒప్పుకుంటాను. కాని టికెట్టు లేనివాళ్లకు అద్దం బయటే ఆఖరు. చెట్టు లేదు, చాప పరిచే జాగా లేదు. పరిస్తే సెక్యూరిటీవాడు వచ్చి మర్యాదగా లేపుతాడు. లాఠీ లేదు, అంతే తేడా. టీ ధర విని మా మరదలు, రఫీ తల్లి, గ్లాసు వెనక్కి ఇచ్చేసింది.

అక్కడ అరుగంచున కోస్గి నుంచి వచ్చిన ఒక ముసలామె కూర్చుని ఉంది. మనవణ్ని సాగనంపడానికి వచ్చిందట. ‘‘మీదికెక్కి ఇమానం సూసే జాగా యాడున్నదమ్మా?’’ అని నన్నడిగింది. అట్లాంటిది ఇప్పుడు లేదని చెప్పాను. మరి పోయిండని ఎట్ల తెలుస్తదంది. ఫోన్ వస్తుందన్నాను. ఆమెకు నచ్చలేదు. ఫోన్‌లో ఏమన్నా చెప్తారు, కండ్లతోని చూస్తేనే గద నమ్మకం అన్నట్టు ఏదో గొణుక్కుంది. కళ్లతో చూసినదాని సంగతి నేను ఆమెకు చెప్పలేదు. చెబితే అక్కడే అరిచేదాన్ని.

అంతలో రఫీ నుంచే ఫోన్ వచ్చింది. లోపల ఆపేశారు. పనికి పోతూ విజిట్ వీసా మీద ఎందుకు పోతున్నావని అడిగారట, సమాధానం చెప్పలేకపోయాడట. రఫీని పంపుతున్న ఏజెంటు కూడా అదే జాతి. కాసేపటికి అద్దం తలుపు తెరుచుకుని రఫీ సూటుకేసు లాక్కుంటూ వచ్చాడు, తల ఎత్తలేదు. మరదలు కొంగు నోట్లో కుక్కుకుంది. సైదులు ముఖం నల్లబడిపోయింది. అటూ ఇటూ చూసి నన్ను పక్కకు లాగాడు. ‘‘అక్కా, పట్నంల నా దోస్తు రూమున్నది. జర రెండు మూడు నెల్లు వీన్ని ఆడ ఉంచుత. ఇంకో వీసా దొరికినంక గట్లనే పోతడు. ఊర్ల ఎవ్వలకు ఎరుక గావద్దు’’ అన్నాడు.

బాపు టాక్సీల వెనక దాక్కున్న సంగతి వీడికి తెలుసు. అవ్వ ఎట్లా పోయిందో అమ్మ చెప్పగా వంద సార్లు విన్నాడు. అన్నీ తెలిసిన వీడే తన కొడుకును తీసుకుపోయి అదే చోట దాస్తానంటున్నాడు. మెత్తగా చెబుదామనుకున్నాను, నోరు వినలేదు. ‘‘రేపు గీ పిల్లకు పానం మీదికొస్తే వాడు దుబాయ్‌ల ఉన్నడని చెప్తవా సైదులూ?’’ అని మరదలిని చూపించి అడిగాను. ‘‘ఇది గూడ మా అవ్వ లెక్కనే తలుపు దిక్కు చూసుకుంట పోవాల్నా?’’ అక్కడున్నవాళ్లంతా మా వైపు తిరిగారు, తిరగనీ అనుకున్నాను. రఫీ ముందు తేరుకుని, ఇంటికే పోదాం బాపూ అన్నాడు. సూటుకేసు వాణ్నే మోయమన్నాను.

ఆ రాత్రి పట్నంలో బంధువుల ఇంట్లో పడుకుని, పొద్దున ఉప్పల్‌లో బస్సెక్కాం. మోత్కూరులో దిగేసరికి మధ్యాహ్నం. అంగడి రోజు. మేకలవాళ్లు, కూరగాయలవాళ్లు, మా ఊరివాళ్లు సగం మంది అక్కడే ఉన్నారు. సైదులు వెనక సందు నుంచి ఆటో మాట్లాడదామన్నాడు. నేను వినలేదు, చౌరస్తాలో టీ హోటల్ ముందరి బెంచీ మీద కూర్చున్నాను. రఫీ నా పక్కన నిలబడ్డాడు, పెద్ద సూటుకేసు కాళ్ల దగ్గర, మెడ దగ్గర ఇంకా నలిగిన పూరేకు ఒకటి అతుక్కునే ఉంది. హోటల్ నడిపే మల్లయ్య మా ఊరివాడే. టీ వడపోస్తూ తలెత్తి చూశాడు. ‘‘ఏందిరా రఫీ, దుబాయ్ పోలే?’’ అన్నాడు. బెంచీల మీదివాళ్లంతా మాటలు ఆపారు. సైదులు నేల చూస్తున్నాడు.

‘‘పోనియ్యలే మామా. మర్లొచ్చిన’’ అన్నాడు రఫీ.

ఒకడు ఫక్కున నవ్వాడు. ఇంకొకడు వాణ్ని ఊకోమన్నాడు. మల్లయ్య ఇంకో గ్లాసు కడిగి టీ పోసి వాడి చేతికిచ్చాడు. ‘‘మంచిదే తియ్. మా ఇంట్ల మోటరు కాలింది, సాయంత్రం వచ్చి చూడు’’ అన్నాడు. మళ్లీ అందరూ మేకల ధరల్లో పడిపోయారు. అంతే అయింది. సైదులు మెల్లగా వచ్చి నా పక్కన కూర్చుని టీ తీసుకున్నాడు. వాడి భుజాలు దిగాయి, మరదలు ముఖంలో ప్రాణం వచ్చింది. నా కోపం కూడా దిగుతుందనుకున్నాను. దిగలేదు, గొంతు దాకా వచ్చింది. ఇంతేనా? మా బాపు అంత భయపడ్డ ఊరు ఇంతేనా? పోనియ్యలే, మర్లొచ్చిన. ఈ రెండు మాటలు ఆయన నోట రాకనే మా అవ్వ కొడుకు ముఖం చూడకుండా మట్టిలోకి పోయింది.